నల్లా బకాయి గురించి ఎవరిని అడగాలె?

(పట్టణ సమాఖ్య వార్షిక మహాసభలో మా స్లమ్ సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి సంవత్సరం ఈ సభలో మేము పొదుపు ఎంత అయింది, బ్యాంకు లింకేజి ఎంత వచ్చింది, స్త్రీనిధి వసూలు ఎంత శాతం అని చదివి కూర్చుంటాం. ఆ లెక్కలన్నీ ఈ పుస్తకంలో వెనక పట్టికల్లో ఉన్నయి, ఇంటికి పోయి చూసుకోండి. ఈసారి మాకు ఇచ్చిన పావుగంట నల్లా బిల్లు గురించి మాట్లాడతాం.

నల్లా బిల్లుకూ సంఘానికీ సంబంధమేందని కొందరు అక్కలు ఇప్పుడే గుసగుసలాడుతున్నరు, ఇక్కడికి వినబడుతున్నది. మాకు కూడా మొదట తెలవలేదు. మినిట్స్ పుస్తకం చూస్తే తెలిసింది. అంతర్గత అప్పు ఇచ్చేటప్పుడు దేనికోసం తీసుకుంటున్నరో తీర్మానంలో రాస్తం కదా. ఎప్పుడూ అక్కడ పిల్లల ఫీజు, దవాఖాన ఖర్చు, కుట్టుమిషను, ఇంటి రేకులు అని ఉంటయి. పోయిన ఏడాది మూడు నెలల్లో మా నాలుగు సంఘాల పుస్తకాల్లో తొమ్మిది చోట్ల 'నల్లా బకాయి కోసం' అని రాసి ఉంది. రాసింది మేమే, సంతకాలు పెట్టింది మేమే. కానీ నాలుగు పుస్తకాలు ఒక్కచోట పెట్టి చూసేదాక మా కంటికి ఆనలేదు.

ఆ తొమ్మిదిమందిలో ఒక అక్క మా సొంత గ్రూపు సభ్యురాలు. బీడీలు చేస్తది. ఆమెకు 2,700 రూపాయల బకాయి నోటీసు వచ్చింది. కట్టకపోతే నల్లా కట్ చేస్తం అని దాంట్లో రాసి ఉంది. నెలకు 100 రూపాయల లెక్కన 27 నెలలది. సంఘంలో 3,000 అప్పు తీసుకొని కట్టేసింది. మరుసటి నెల బ్యాంకు కిస్తు కట్టలేకపోయింది. ఒక్కరి కిస్తు ఆగితే గ్రూపు మొత్తానికి వడ్డీ రాయితీ పోతదని మీ అందరికీ తెలుసు. తలా ఇంత వేసుకొని ఆ నెల గట్టెక్కినం. గ్రూపులో ఇద్దరు ముగ్గురు ఆమెను మాటలన్నరు. ఆమె రెండు మీటింగులకు రానేలేదు.

మేము ఇంటికి పోయి మాట్లాడితే అసలు సంగతి బయటపడ్డది. గల్లీలో పైపులైను వేసి, గడప దాక పైపు తెచ్చి, నల్లా కార్డు చేతికిచ్చి పోయినరు. కానీ ఆ పైపులో నీళ్ళు వచ్చింది 14 నెలల తర్వాత. ఆ 14 నెలలు ఆమె పక్క గల్లీ బోరింగు కాడ బిందెలు మోసింది, ఎండాకాలం ట్యాంకరు నీళ్ళు కొన్నది. బిల్లు మాత్రం కార్డు ఇచ్చిన రోజు నుంచి నడిచింది. అంటే 2,700లో 1,400 రూపాయలు నీళ్ళు రాని నెలలకు కట్టింది. మిగతా 1,300 ఆమె కట్టాల్సిందే, దాంట్లో మాకు పేచీ లేదు. నీళ్ళు వాడుకున్నంక బిల్లు ఎగ్గొట్టాలని మేము ఎవరికీ చెప్పలేదు, చెప్పం.

ఆరుగురం కలిసి నీళ్ళ ఆఫీసుకు పోయినం. అక్కడి అతను మర్యాదగానే మాట్లాడిండు. "అమ్మా, కంప్యూటర్‌లో తేదీ అట్ల ఉంది, మేము మార్చలేము. రేటు కూడా మాది కాదు, పైనుంచి వచ్చింది" అన్నడు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో మా రెండో లీడరు అడిగిన మాటే ఈ ప్రసంగానికి మూలం. పైన అంటే ఎవరే?

ఈ ఒక్క మాటకు జవాబు కనుక్కోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

ముందు కరెంటు సంగతి చెప్తం, ఎందుకంటే నీళ్ళది అర్థం కావాలంటే కరెంటుది తెలవాలె. కరెంటు రేటు పెంచాలంటే కంపెనీ తనంతట తాను పెంచలేదు. విద్యుత్ నియంత్రణ మండలి అని ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో అది 1999లో వచ్చింది. మరుసటి ఏడాది రేట్లు పెరిగినప్పుడు పెద్ద గొడవలయినయి, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఇక్కడున్న పెద్దమ్మలకు గుర్తుండే ఉంటది. ఇప్పుడు కూడా కంపెనీలు మాకు ఇంత ఖర్చయింది, ఇంత రేటు కావాలె అని కాగితాలు ఆ మండలికి ఇయ్యాలె. మండలి బహిరంగ విచారణ పెడతది. బిల్లు కట్టే ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, విచారణకు పోయి మాట్లాడొచ్చు. కంపెనీ దానికి జవాబు చెప్పాలె. రైతులు పోయి మాట్లాడుతరు, పేపర్లో వస్తది. రేటు పెరగొచ్చు, పెరగకపోవచ్చు. కానీ ఎవరిని అడగాలె, ఎప్పుడు అడగాలె అన్నది తెలుసు.

తాగే నీళ్ళకు మన రాష్ట్రంలో అట్లాంటి మండలి లేదు. నల్లా రేటు మీద బహిరంగ విచారణ అని మీరు ఎప్పుడైనా దండోరా విన్నరా? మేము వినలేదు.

మరి ఎవరున్నరు? మన పట్టణంలో అయితే మున్సిపల్ కౌన్సిల్. 2019 మున్సిపాలిటీల చట్టం కింద ఎన్నికైన కౌన్సిలర్లు కూర్చొని అజెండా మీద మాట్లాడి తీర్మానం చేయాలె. మన వార్డు కౌన్సిలరు లేచి, నీళ్ళు రాకముందే బిల్లు ఎట్ల వేసిండ్రు అని అడగాలె. కానీ ఆ కౌన్సిళ్ళ గడువు 2025 జనవరితో అయిపోయింది. ఆ తర్వాత స్పెషల్ ఆఫీసర్ల పాలన వచ్చింది.  మేము పాత కౌన్సిలరు ఇంటికి పోతే, పాపం ఆమె చాయ్ పోసి "నాకే నల్లా బకాయి నోటీసు వచ్చింది అక్కా" అని చూపించింది. అంటే ఇంట్లో పెద్దమనిషి లేనప్పుడు ఖర్చు ఎవరు చేస్తున్నరో, ఎవరు అడుగుతున్నరో తెలవకుండా పోయినట్టు అయింది మన పరిస్థితి.

హైదరాబాదు లెక్క వేరు. మన పిల్లలు సగంమంది అక్కడ అద్దెలకున్నరు కాబట్టి అది కూడా చెప్పుకుందాం. అక్కడ నీళ్ళు ఇచ్చేది మున్సిపాలిటీ కాదు, జలమండలి. 1989లో శాసనసభ ఒక చట్టం చేస్తే, ఆ ఏడాది నవంబర్ 1న అది మొదలైంది. దానికి చైర్మన్ స్వయంగా ముఖ్యమంత్రి. ఒకప్పుడు ఆ ఊరికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్ళు వాలు మీద వాటంతటవే వచ్చేవి. ఆ చెరువులు 1920ల నాటివి. ఇప్పుడు కృష్ణ నుంచి, గోదావరి నుంచి వంద కిలోమీటర్లు దాటి మోటార్లతో ఎత్తి పోస్తున్నరు. నీళ్ళ ఖర్చులో కరెంటు బిల్లే పెద్ద భారం. అందుకే నీళ్ళు ఊరికే రావు అని ఆఫీసర్లు అనే మాట అబద్ధం కాదు. మేము కూడా ఒప్పుకుంటం.

2021 జనవరిలో గ్రేటర్ హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం అని మొదలుపెట్టినరు. 15 లీటర్ల బిందె లెక్కన నెలకు 1,300కు పైన బిందెలు, రోజుకు 44. మన ఇంటికి సరిపోను ఎక్కువే. కానీ దానికి షరతులు పెట్టినరు. బస్తీలకు తప్ప మిగతా ఇళ్ళకు నడిచే మీటరు ఉండాలె, కనెక్షన్ నంబరుకు ఆధార్ జోడించాలె. ఇల్లు ఓనరుది, ఆధార్ ఓనరుది, నీళ్ళు తాగేది అద్దెకున్న మన పిల్లలు. ఓనరు ఆధార్ ఇయ్యకపోతే ఉచితం రాదు, బిల్లు మాత్రం అద్దెతో కలిపి పిల్లల దగ్గర వసూలు. ఈ షరతు ఎవరు రాసినరు? ఏ సభలో మాట్లాడి రాసినరు? ఉచితం ప్రకటించిన రోజు అందరూ చప్పట్లు కొట్టినం, షరతు చదవలేదు. అది మన తప్పు కూడా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నం. ఇటు కౌన్సిల్ లేకపోతే, అటు జలమండలికి ముఖ్యమంత్రే చైర్మన్ అయితే, వీళ్ళను అడిగే హక్కు ఎవరికుంది? శాసనసభకుంది. మన తెలంగాణ అసెంబ్లీలో 119 మంది, మండలిలో 40 మంది. అసెంబ్లీ అంటే మనకు టీవీలో కొట్లాట కనబడతది. మేము కూడా మొన్నటిదాక రిమోట్ తిప్పేసేవాళ్ళమే. మార్చి నెలలో బడ్జెట్ సమావేశాలప్పుడు నలుగురం ఒక ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టుకుంట పొద్దున ప్రశ్నోత్తరాలు చూసినం. ఆ గంట మాత్రం మన మీటింగు లెక్కనే ఉంటది. ఒకరు ప్రశ్న అడుగుతరు, మంత్రి జవాబు చదువుతరు, ఆ జవాబు మీద మళ్ళీ అడుగుతరు. మంత్రి సభలో చెప్పిన మాట రికార్డులో ఉంటది. ఆఫీసులో కుర్చీలో కూర్చొని చెప్పిన మాటకు రికార్డు లేదు. తేడా అక్కడుంది.

ఆ సభకు ఇంకో పని ఉంది, లెక్క చూడడం. మన సమాఖ్యకు ఆడిట్ అయినంక ఆ రిపోర్టు జనరల్ బాడీలో చదివి వినిపిస్తం. అట్లనే ప్రభుత్వం పెట్టిన ఖర్చును కాగ్ ఆడిట్ చేస్తది, ఆ రిపోర్టు శాసనసభ ముందు పెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది. తర్వాత ప్రజా పద్దుల కమిటీ అని సభ్యుల కమిటీ ఒకటి ఆఫీసర్లను పిలిచి, ఈ డబ్బు ఎందుకు ఖర్చు పెట్టినవు, ఈ పని ఎందుకు కాలేదు అని అడుగుతది. దాని చైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇచ్చే ఆనవాయితీ ఉంది, ఎందుకంటే డబ్బు ఖర్చు పెట్టినోళ్ళే లెక్క చూస్తే ఏం బాగుంటది? మన దగ్గర కూడా కోశాధికారి చేతిలో ఆడిట్ పెట్టం కదా. 2024లో ఆ కుర్చీ ఎవరిదనే మీదనే మన రాష్ట్రంలో పెద్ద గొడవయింది.

కానీ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలె. ఈ కమిటీలు చూసేది ఎప్పుడో అయిపోయిన ఖర్చు. మా అక్క 1,400 రూపాయలు అక్కడిదాక పోవు, పోయేసరికి మనుమరాలు లీడరు అయితది. మన పనికి ప్రశ్నే దగ్గరి దారి అని మాకు అర్థమయింది.

మేము ఎమ్మెల్యే గారి ఆఫీసుకు మొదట ఇచ్చిన కాగితం నాలుగు పేజీలు. పదో తరగతి తర్వాత అంత పెద్ద వ్యాసం మేము ఎప్పుడూ రాయలేదు. బిందెల కష్టం, ఎండల కష్టం, అప్పుల కష్టం, చివర్లో 'మా కన్నీళ్ళు తుడవగలరు' అని కూడా రాసినం. అక్కడ పీఏ చదివి, "అమ్మా, ఇది వినతిపత్రం. దీన్ని ఆఫీసరుకు పంపుతం, ఆఫీసరు కింద ఆఫీసరుకు పంపుతడు, అది మీరు ముందు పోయిన ఆఫీసుకే వస్తది. సభలో అడగాలంటే ప్రశ్న కావాలె" అన్నడు. సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన కాగితం అట్లనే తిరిగొచ్చిందని మాకు అప్పటికే తెలుసు. మనసుకు కష్టమైంది కానీ అతను చెప్పింది నిజం.

ప్రశ్న అంటే ఎట్లుండాలె? అతనే పాత ప్రశ్నల కాగితం చూపించిండు. దాన్ని చూసి మేము రాసుకున్నది ఇది. 'మున్సిపాలిటీల్లో నీళ్ళు సరఫరా మొదలుకాకముందు నెలలకు కూడా నల్లా చార్జీ వసూలు చేస్తున్న మాట వాస్తవమేనా? అయితే అటువంటి ఇళ్ళు ఎన్ని? ఆ మొత్తాన్ని మాఫీ చేసే లేదా సర్దుబాటు చేసే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వ పరిశీలనలో ఉందా?' అంతే, మూడు వాక్యాలు. నాలుగు పేజీల కన్నీళ్ళకు ఎవరూ జవాబు చెప్పరు. ఈ మూడింటికి అవును, కాదు అని ఏదో ఒకటి చెప్పక తప్పదు. ఎమ్మెల్యే గారు మున్సిపాలిటీలో కూడా హోదా రీత్యా సభ్యులే కాబట్టి ఇది తనకు సంబంధం లేని విషయం అనే వీలు లేదని కూడా పీఏ నవ్వుకుంట చెప్పిండు.

ఇగ రెండో వాక్యం దగ్గర చిక్కొచ్చింది. ఇళ్ళు ఎన్ని? మాకే తెలవదు. మా సమాఖ్య గల్లీల్లో ఇంటింటికీ తిరిగినం, 212 ఇళ్ళు. కార్డు తేదీ రాసుకున్నం, నీళ్ళు మొదట వచ్చిన తేదీ అడిగినం. అక్కలు చెప్పే తేదీలు ఎట్లుంటయో మీకు తెలుసు. బతుకమ్మకు ముందు, బోనాల తర్వాత, మా చిన్నోని పెళ్ళి అయిన వారానికి. ఇట్లయితే ఆఫీసులో నడవదు. నీళ్ళు వదిలిన తేదీలు కావాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టినం. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె, పేదల కార్డు ఉంటే ఫీజు కూడా లేదు. జవాబు వచ్చింది, కానీ దాంట్లో పైపులైను పని పూర్తయిన తేదీ ఉంది గానీ, నీళ్ళు వదిలిన తేదీ లేదు.

ఆ రోజు చాలా నిరాశ పడ్డం. అప్పుడు మా బుక్‌కీపర్ చెల్లె పాత మినిట్స్ పుస్తకాలు తెచ్చి తిరగేసింది. ఒక సంఘం పుస్తకంలో, ఒక మంగళవారం మీటింగు కింద, ఇట్లుంది. 'ఈరోజు మన గల్లీలో నల్లా నీళ్ళు మొదటిసారి వచ్చినందున సభ్యులు ఆలస్యంగా వచ్చిరి. మీటింగు గంట ఆలస్యంగా మొదలైనది. జరిమానా వేయలేదు.' కింద తేదీ, పదకొండుమంది సంతకాలు. జరిమానా వేయలేదని రాయడానికి కారణం కూడా రాయాలని అప్పటి ఆర్‌పీ అక్క పట్టుబట్టిందట. ఆ రోజు ఆమెను అందరూ తిట్టుకున్నరు.

ఆ పేజీ జిరాక్సు తీసుకొని ఆఫీసుకు పోయినం. ఈసారి మాతో పాటు ప్రశ్న కాగితం కూడా ఉంది, ఎమ్మెల్యే గారు సంతకం పెట్టి అసెంబ్లీకి పంపిన దాని నకలు. ఏది పనిచేసిందో మాకు తెలవదు, రెండూ కలిసి పనిచేసి ఉంటయి. ప్రశ్న సభకు పోతే కింద ఆఫీసు నుంచి సమాచారం తెప్పించుకుంటరంట. సభలో జవాబు రాకముందే ఇక్కడ తేదీలు వెతకడం మొదలుపెట్టినరు. 212 ఇళ్ళలో 63 ఇళ్ళకు తేడా ఉందని మేము లెక్క తేల్చితే, 38 ఇళ్ళకు తేదీ సరిచేసినరు. డబ్బు చేతికి ఇయ్యలేదు, రాబోయే నెలల బిల్లులో సర్దుబాటు చేస్తున్నరు. మా బీడీల అక్కకు 14 నెలలు నల్లా బిల్లు రాదు. సంఘంలో తీసుకున్న అప్పుకు ఆమె కట్టిన వడ్డీ మాత్రం ఎవరూ తిరిగి ఇయ్యరు. సంఘం మాఫీ చెయ్యొచ్చా అని మా గ్రూపులో మాట్లాడుకుంటే ఆరుగురు అవునన్నరు, నలుగురు కాదన్నరు. ఆ అక్కే లేచి, "వద్దు, అప్పు అప్పే" అన్నది. మీటింగులకు మళ్ళీ వస్తున్నది.

మిగతా 25 ఇళ్ళు ఇంకా అట్లనే ఉన్నయి. ఆ గల్లీ సంఘం మినిట్స్‌లో నీళ్ళ మాటే లేదు. అంతా 'పొదుపు వసూలు చేయడమైనది' అని ఒక్క లైను రాసి ముగించినరు.

ప్రశ్న ఇప్పటికీ సభలో అడగడం కాలేదు. సమావేశాలు జరిగేదే కొద్ది రోజులు, ఒక్కోరోజు తీసుకునే ప్రశ్నలు కొన్ని, గొడవైతే ఆ గంట కూడా పోతది. ఆ సమావేశం అయిపోతే మళ్ళీ కొత్తగా ఇయ్యాలంట. మళ్ళీ ఇస్తం. మా 38 ఇళ్ళ పని అయిపోయింది కదా, ఇంకెందుకు అని మా సమాఖ్యలోనే కొందరు అన్నరు. ఇక్కడ సరిచేసింది ఒక ఆఫీసరు మంచితనంతోటి. ఆయన రేపు బదిలీ అయితే? పక్క పట్టణంలో ఇట్లాంటి ఇళ్ళు ఎన్నున్నయో ఎవరికి తెలుసు? మంత్రి సభలో 'అవును' అంటే అది అన్ని పట్టణాలకు పడతది. 'కాదు' అన్నా మంచిదే, మన దగ్గర 63 కార్డులున్నయి.

మున్సిపల్ ఎన్నికలప్పుడు ఓట్లడగ వచ్చినోళ్ళను రోడ్డు, లైటు, మోరీ అడుగుతం. కౌన్సిల్ మీటింగులో నల్లా బిల్లు మీద లేచి అడుగుతవా అని కూడా అడగండి. మన సమాఖ్యల నుంచే నిలబడే అక్కలుంటే ఇంకా మంచిది, వాళ్ళకు మినిట్స్ రాయడం ముందే వచ్చు.

ఇప్పుడు మీ అందరితోని పని ఉంది. మిగతా స్లమ్ సమాఖ్యల అక్కలు ఒక్కొక్కరు మీ గల్లీలో నల్లా కార్డులు చూడండి. కార్డు మీది తేదీ, నీళ్ళు వచ్చిన తేదీ పక్క పక్కన రాయండి. నీళ్ళు ఎప్పుడు వచ్చినయో గుర్తులేకపోతే మీ పాత మినిట్స్ తిరగేయండి, ఆలస్యం అని, జరిమానా అని ఎక్కడున్నదో చూడండి. హైదరాబాదులో పిల్లలున్నోళ్ళు కనెక్షన్‌కు ఓనరు ఆధార్ జోడించిండో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. కాగితాలు వచ్చే నెల రెండో శనివారం లోపల పట్టణ సమాఖ్య ఆఫీసులో మా బుక్‌కీపర్ చెల్లెకు ఇయ్యండి. జిరాక్సు ఖర్చు సమాఖ్య నుంచి ఇస్తం, పోయిన నెల తీర్మానం అయింది. ఒరిజినల్ కార్డులు మాత్రం ఎవరికీ ఇయ్యకండి, మాకు కూడా.